నింగిలోనిది నేలపైనను దొరకినది
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను. ఏ వస్తువును చూచినను ముందుగా దాని తూకమును, ధరను అడుగుట నాకు అలవాటు. నేడు నేను చెప్పబోవు వస్తువును తూచువారును లేరు, కొనువారును లేరు. అది నికెల్ ఫాస్ఫైడు; అనగా నికెల్ లోహమును భాస్వరమును నేరుగా కలిసిన ఖనిజము. బహు చిన్న రేణువులుగా అది దొరకును.

భూమిపై రాళ్లలోని భాస్వరము సాధారణముగా ప్రాణవాయువుతో కూడి ఫాస్ఫేటుగా ఉండును. లోహముతో జతకూడుట బహు అరుదు. ఉల్కలలో అట్లు కాదు. 1847లో ఒక ఇనుప ఉల్కయందు గుర్తించిన ష్రైబర్సైటు ఇనుము, నికెల్, భాస్వరముల కూడిక. అందుచేత ఇట్టి ఖనిజములు ప్రధానముగా ఆకాశమునుండి వచ్చునవే అని తలచుచుండిరి.

అయితే మృతసముద్రమునకు ఇరుప్రక్కల, ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారియందును జోర్డాన్‌లోను, హత్రురీం అను శిలాశ్రేణి కలదు. అక్కడి సున్నపురాయి పూర్వము తనంత తాను, పెద్ద సున్నపుబట్టీలోవలె కాలిపోయినది. సిమెంటు కొలుములలో పుట్టు పదార్థములు అక్కడ ప్రకృతిసిద్ధముగా కానవచ్చును. మండినది రాతిలోని తారువంటి పదార్థమా, లోతునుండి ఎగసిన వాయువా అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఆ వేడిలో, ప్రాణవాయువు చాలని చోట్ల, ఫాస్ఫైడులు ఏర్పడినవి.

రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ బ్రిట్విన్, ఆయన సహచరులు అక్కడ కనుగొన్న మూడు నికెల్ ఫాస్ఫైడులను 2020లో వర్ణించిరి. అవి ట్రాన్స్‌జోర్డనైటు, హలమిషైటు, నెగెవైటు. మూడును స్థలముల పేర్లే. వీనిలో ట్రాన్స్‌జోర్డనైటు అమెరికాలో దొరకిన కేంబ్రియా అను ఇనుప ఉల్కలోను కనబడినది. నింగిలో పుట్టినదే నేలపైనను పుట్టినదన్నమాట!

దీనివలన ప్రయోజనమేమి? మన ఎముకలకు, ప్రతి జీవకణమునకు భాస్వరము కావలెను. కాని ఫాస్ఫేటు రాయి నీటిలో సులభముగా కరగదు. ష్రైబర్సైటు నీటితో కలిసి, కరగు భాస్వర రూపముల నిచ్చునని ప్రయోగములు తెలిపినవి. తొలి జీవులకు భాస్వరము ఇట్టి ఖనిజములనుండి అందెనా అని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. అది ఉల్కలనుండియే రావలెనను నిర్బంధము లేదని ఆ కాలిన నేల చెప్పుచున్నది.

మన పిల్లలు దారిలో రాయి నేరి తెచ్చి “ఇదేమి?” అని అడిగినపుడు, “దానివలన ఏమి వచ్చును?” అని మనము కసరుదుము. నేనును కసరినవాడనే. కొనువారు లేని రేణువు ప్రాణము పుట్టుకను గూర్చి మనలను ఆలోచింపజేయుచున్నది. ఇకమీదనైనను పిల్లల ప్రశ్నలను త్రాసులో వేయక విందము.