మామిడి లారీ, తారు రోడ్డు

నూజివీడు అనగానే చిన్నరసాలు గుర్తొస్తాయి. 2008 నుంచి ట్రిపుల్ ఐటీ కూడా. పదో తరగతి మార్కులతో చేరితే ఆరేళ్ల చదువు: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. సివిల్ బ్రాంచి పిల్లలు చదివే పాఠాల్లో రోడ్లూ ఉంటాయి. నన్నడిగితే ఆ పాఠం ఇక్కడ చదవడమే సబబు. నూజివీడు పేరున్న రైల్వే స్టేషన్ ఊళ్లో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంది. తోటలో కోసిన కాయకు ముందు రోడ్డే దిక్కు.

రోడ్డు చదువు మట్టితో మొదలవుతుంది. మట్టిని అచ్చులో దట్టించి, నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, ఉక్కు కడ్డీతో నొక్కి చూస్తారు. అదే సీబీఆర్ పరీక్ష. నేల మెత్తనైతే పైన కంకర మందం పెరగాలి.

తర్వాత బరువు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయిలో లారీలు అదేపనిగా తిప్పి ఒక లెక్క తేల్చారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు! అయిదో వంతు ఎక్కువ ఎక్కించినా నష్టం రెండింతలు. ఇంకో పది బుట్టలు పడతాయిలే అనే డ్రైవరుకు ఈ లెక్క ఎవరు చెబుతారు?

రోడ్ల గురించి ఇంకా లోతుగా చదవాలంటే గేట్ ప్రవేశ పరీక్ష రాసి, వరంగల్ ఎన్ఐటీలో ఇదే విషయంలో ఎంటెక్ చేయొచ్చు.

బరువే కాదు, బళ్ల సంఖ్యా తెలియాలి. ఊరవతలి రోడ్ల మీద వాహనాలను ఏడాదికి రెండుసార్లు, వారం రోజుల చొప్పున లెక్కపెట్టమంటుంది రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. ఒకటి పంట కోతల రద్దీలో, రెండోది ఖాళీ రోజుల్లో. నూజివీడులో మొదటిది మే నెలలోనే పెట్టాలి మరి.