క్లచ్ మీద ఎవరి కాలు?

(డ్రైవింగ్ శిక్షణ, జీవనోపాధుల రంగంలో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కారు గేర్ల గురించి మాట్లాడతానన్నప్పుడు ఒకరిద్దరు నవ్వారు. "మన సమస్యలన్నీ తీరిపోయి కార్ల దాకా వచ్చాయా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందిమి బస్సులోనో ఆటోలోనో వచ్చినవాళ్లమే. అయితే ఒక్క విషయం ఆలోచించండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలు ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణం చేస్తున్నారు. బస్సు నిండా మనమే. డ్రైవరు సీట్లో మాత్రం ఆడమనిషి కనపడడం ఇప్పటికీ వార్తే. ఆటో, ట్రాలీ, స్కూలు వ్యాను, అంబులెన్సు, ట్యాక్సీ - వీటిని నడపడం కొన్ని లక్షల మందికి బతుకుతెరువు. ఆ బతుకుతెరువు గుమ్మంలోనే మనల్ని ఆపే మాట ఒకటుంది: "గేర్ల బండి ఆడవాళ్ల వల్ల కాదు." ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది, దీనివల్ల ఎవరికి లాభం, బండిని ఎవరి కొలతలతో తయారుచేస్తున్నారు అన్నవే నేనివాళ మీ ముందు పెట్టదలచుకున్న ప్రశ్నలు.

ముందు ఆ గేరు సంగతి చూద్దాం. ఇంజను ఒక స్థాయి వేగంతో తిరుగుతున్నప్పుడే దానికి బలం. చక్రాలు మాత్రం నిలబడ్డ చోటునుంచి కదలాలి, ఎత్తు ఎక్కాలి, చదును రోడ్డు మీద పరుగెత్తాలి. ఈ రెంటికీ మధ్య పొత్తు కుదిర్చేది గేరు పెట్టె. గేరు మార్చేటప్పుడు ఇంజనుకీ గేరు పెట్టెకీ మధ్య లంకెను కాసేపు తెంచి, మళ్లీ మెల్లగా కలిపేది క్లచ్. దీనికి కావలసింది కండబలం కాదు, కాలూ చెయ్యీ చెవీ కలిసి పనిచేసే అలవాటు. కుట్టుమిషను కాలితో తొక్కుతూ, చేత్తో బట్ట జరుపుతూ, కంటితో కుట్టు చూసుకునే స్త్రీకి "నీకు కాలూ చెయ్యీ కలవవు" అని ఎవరూ చెప్పరు. అదే నైపుణ్యం కూలి ఎక్కువ దొరికే చోటికి వచ్చేసరికి ఆమెకు లేదంటారు. నైపుణ్యమనే మాటలో జెండర్ ఎలా దాక్కుని ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఈ కథ పాతదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో పెట్రోలు కారు స్టార్టు చెయ్యాలంటే ముందు భాగంలో ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. అప్పట్లో బ్యాటరీతో నడిచే కార్లూ ఉండేవి. హ్యాండిల్ తిప్పే పని లేదు, గేర్లు మార్చే పని లేదు. వాటిని 'ఆడవాళ్ల కార్లు'గా అమ్మారు. పెట్రోలు కార్లతో పేరు గడించిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు! అవి ఒక ఛార్జితో ఎక్కువ దూరం పోలేవు, ఎక్కువ వేగమూ పోలేవు. స్త్రీకి అంత దూరం చాలుననుకున్నారు. 1912లో కాడిలాక్ కారుకి ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టాక దాన్నీ ఆడవాళ్ల సౌకర్యంగానే ప్రచారం చేశారు. నిజానికి విరిగిన చేతుల్లో ఎక్కువ మగవాళ్లవే. కొద్ది ఏళ్లలో మగవాళ్లందరూ ఆ మీటే నొక్కారు. అది ఆడవాళ్ల కోసం వచ్చిందన్న సంగతి అందరూ మర్చిపోయారు. చరిత్రకారిణి వర్జీనియా షార్ఫ్ 1991లో రాసిన పుస్తకంలో ఈ చరిత్రనంతా వివరంగా చర్చించారు.

మన దగ్గరా ఇదే వరస. చేతకాని పనిగా మనకు చూపించిన గేర్లు లేకుండా 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. మీట నొక్కితే స్టార్టయ్యేది. 1990లలో స్కూటీ వచ్చింది. ఈ బళ్లు మన పట్టణాల్లో ఎంతోమంది అమ్మాయిల్ని కాలేజీకీ ఉద్యోగానికీ చేర్చాయి. ఆ మేలుని నేను తక్కువ చెయ్యను. కానీ 'లేడీస్ బండి' అన్న పేరు వాటికి అంటుకుంది. తర్వాత యాక్టివా వచ్చి మగవాళ్లు దాన్ని హాయిగా నడుపుతున్నప్పుడు ఆ పేరు మెల్లగా జారిపోయింది. కార్లలోనూ ఇదే జరుగుతోంది. 2014లో మారుతి సెలెరియోతో తక్కువ ధర ఆటోమేటిక్ మన మార్కెట్లోకి వచ్చింది. అందులో ఉన్నది మామూలు గేరు పెట్టే. క్లచ్ నొక్కే పనిని మనిషికి బదులు యంత్రం చేస్తుంది. నగరాల ట్రాఫిక్కులో గంటకు వందసార్లు క్లచ్ తొక్కి మోకాలు పట్టేసిన మగవాళ్లు దాన్ని కొంటున్నారు. ఇంట్లో మాత్రం "మా ఆవిడ కోసం ఆటోమేటిక్ తీసుకున్నాం" అంటారు. యంత్రం ఇచ్చిన సుఖం ఆయనది, చేతకానితనం పేరు ఆవిడది!

ఇంతకీ కారులో ఏముండాలో స్త్రీలు కోరుకోలేదా? కోరుకున్నారు. 1903లో అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ ముందు అద్దం తుడిచే వైపరుకి పేటెంటు తీసుకుంది. మంచులో ట్రామ్ డ్రైవరు అద్దం తెరుచుకుని వణుకుతూ నడపడం చూసి ఆమెకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. కొనమని అడిగితే ఒక కెనడా కంపెనీ దానికి వ్యాపార విలువ లేదంది. పేటెంటు గడువు తీరిపోయింది, ఆమెకు పైసా రాలేదు. 1909లో ఇంగ్లండులో డొరొతీ లెవిట్ స్త్రీలకోసం కారు పుస్తకం రాస్తూ, చిన్న చేతి అద్దం దగ్గరుంచుకుని వెనక వచ్చేవాళ్లని చూసుకోమంది. వెనక చూసే అద్దాలు అప్పటికింకా కార్లలో మామూలు కాలేదు. ఈ రెండు కోరికలూ చూడండి. రెండూ భద్రతకి సంబంధించినవి, రెండూ అందరికీ పనికొచ్చినవి.

కంపెనీలు 'ఆడవాళ్ల కోరిక' అని ఊహించింది వేరు. 1955లో అమెరికాలో డాడ్జ్ కంపెనీ 'లా ఫామ్' అనే కారు తెచ్చింది. గులాబీ రంగు, దానికి జతగా చేతిసంచీ, లిప్‌స్టిక్ డబ్బా. రెండేళ్లకే ఆపేశారు. 2004లో వోల్వో కంపెనీ స్త్రీల బృందంతో ఒక నమూనా కారు చేయించింది. జుట్టు ముడికి తలదిండులో ఖాళీ వదిలారు. జడా కొప్పూ ఉన్న మనకి ఇది చిన్న విషయం కాదు. కొప్పు అడ్డొచ్చి తల ముందుకు వంగితే వెనకనుంచి దెబ్బ తగిలినప్పుడు మెడకు రక్షణ తగ్గుతుంది. కానీ అదే కారులో యజమాని తెరవడానికి వీలుగా బానెట్ పెట్టలేదు. ఇంజను ముఖం ఆమె చూడనక్కర్లేదన్నమాట. ఆ కారు ప్రదర్శనకే పరిమితమైంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్లచ్ పెడల్‌ని సగం నొక్కితే చాలదు, పూర్తిగా లోపలికి తొక్కాలి. అంటే డ్రైవరు సీటు ఎంత ముందుకు ఉండాలో నిర్ణయించేది ఎడమ కాలి పొడుగు. పొట్టి మనిషి కాలు అందడానికి సీటు ముందుకు జరుపుకుంటుంది. అప్పుడు ఛాతీ స్టీరింగుకి దగ్గరవుతుంది. స్టీరింగులో ఉన్న ఎయిర్‌బ్యాగుకీ మనిషికీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలని నిపుణులు చెబుతారు. 1990లలో అమెరికాలో ఎయిర్‌బ్యాగు విచ్చుకునే విసురుకే కొందరు పొట్టి స్త్రీలూ, పిల్లలూ చనిపోయాక, ఆ విసురుని తగ్గించేలా నిబంధనలు మార్చారు. అంతదాకా ఆ శరీరాలు డిజైనులో లెక్కకు రాలేదు.

కారు భద్రత పరీక్షల్లో కూర్చోబెట్టే ప్రామాణిక బొమ్మ 175 సెంటీమీటర్ల పొడవు, సుమారు 78 కిలోల బరువున్న మగవాడిది. స్త్రీ అని చెప్పే చిన్న బొమ్మ ఒకటుంది: సుమారు 150 సెంటీమీటర్లు, 49 కిలోలు. అమెరికా స్త్రీలలో అతి పొట్టివాళ్ల కొలత అది. అమెరికా రేటింగు కోసం చేసే ఎదురు ఢీ పరీక్షలో దాన్ని కూర్చోబెట్టేది డ్రైవరు పక్క సీట్లో. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు. అంటే వాళ్ల లెక్కలో అంచున ఉన్న స్త్రీ మన లెక్కలో మామూలు స్త్రీ! 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన మన భారత్ ఎన్‌క్యాప్ తొలి నియమావళిలోనూ ఎదురు ఢీ పరీక్షకి ముందు రెండు సీట్లలో పెట్టింది మగ బొమ్మలనే. దీని ఫలితం ఊహ కాదు. బెల్టు పెట్టుకున్న డ్రైవర్ల ప్రమాదాల్ని పోల్చి, ఇతర తేడాల్ని సరిచేసి చూస్తే, స్త్రీలకు తీవ్ర గాయాలయ్యే అవకాశం 47 శాతం ఎక్కువని 2011లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది. 2022లో స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం 162 సెంటీమీటర్ల సగటు స్త్రీ బొమ్మను తయారుచేసింది. చెయ్యడం సాధ్యమే. చెయ్యాలని నియమం పెట్టడమే జరగలేదు.

మరి మన బజార్లో దొరికే మామూలు కారులో ఏముంది? సీటుని పైకీ కిందికీ జరిపే మీట, బెల్టు ఎత్తు సర్దుకునే వీలు - ఇవి చాలా మోడళ్లలో ఖరీదు పెరిగేకొద్దీ వచ్చేవి. పొట్టి మనిషి కింద దిండు వేసుకుని నడపాలి, మెడ మీద కోసే బెల్టుని చంకలోకి తోసుకోవాలి. రెండూ ప్రమాదమే. వీటిని 'ఫీచర్లు' అంటారు, అంటే ముచ్చట పడితే కొనుక్కునేవి. నేను వీటిని హక్కు అంటాను. 2019 జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు ప్రతి కారుకీ తప్పనిసరైంది. అంతకుముందు అదీ ముచ్చటే. అదే నెల నుంచి కొత్త ట్యాక్సీ కార్లలో చైల్డ్ లాక్ ఉండకూడదన్నారు. తల్లికి అవసరమైన తాళం, ఒంటరిగా ట్యాక్సీ ఎక్కిన స్త్రీకి బోను కాగలదని గుర్తించడం వల్లే ఆ నియమం వచ్చింది. అడిగితే యంత్రం మారుతుందనడానికి ఇదే రుజువు.

ఇక శిక్షణ. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. అమ్మాయి కంగారు పడగానే ఆయన తొక్కేస్తాడు. నెల తిరిగేసరికి ఆమెకు లైసెన్సు వస్తుంది గానీ క్లచ్ రాదు. మన చట్టంలో మోటారు సైకిలుకి గేరున్నదీ లేనిదీ వేరువేరు లైసెన్సులు. కారుకి ఆ తేడా లేదు. కాబట్టి కాగితం మీద అందరం సమానమే. ఎత్తు మీద ఆగి, బండి వెనక్కి జారకుండా కదిలించాల్సి వచ్చినప్పుడు ఆ సమానత్వం ఏపాటిదో తెలుస్తుంది. ఇంట్లో నేర్పే భర్తలూ అన్నలూ పక్కన కూర్చుని అరవడం గురించి నేను చెప్పనక్కర్లేదు. అరుపుల మధ్య ఎవరికీ హాఫ్ క్లచ్ రాదు.

గేర్లు రాకపోవడమంటే ఉపాధి పోగొట్టుకోవడమే. నల్గొండ జిల్లా నుంచి వెళ్లి 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు తొలి మహిళా బస్సు డ్రైవరైన వి. సరిత అంతకుముందు ఆటో నడిపారు. తేలిక బండి లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపడానికి వేరే అనుమతి అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చిన్న ట్రాలీ, సరుకుల వ్యాను నడిపే దారి మన అమ్మాయిలకి తెరుచుకున్నట్టే. ఆ బళ్లలో ఎక్కువ భాగం గేర్లవే. ఆటోమేటిక్ మాత్రమే నేర్పి పంపిస్తే ఆ దారిని మన చేతులతోనే మూసినట్టవుతుంది.

అలాగని గేర్లే గొప్ప, ఆటోమేటిక్ తక్కువ అని నేననడం లేదు. ఎడమ కాలు పనిచెయ్యని స్త్రీకి ఆటోమేటిక్ అంటే స్వేచ్ఛ. ఆమెకి సౌకర్యం కోసం చిన్న కారు మీద సుమారు 50 వేలు అదనంగా కట్టమనడం అన్యాయం. ఇవాళ బ్యాటరీ ఆటోలూ కార్లూ వస్తున్నాయి. వాటిలో క్లచ్చే లేదు. "నీ వల్ల కాదు" అనడానికి ఆ సాకూ పోతుంది. అప్పుడు ఆ బళ్ల రుణాలూ పర్మిట్లూ ఎవరి పేరు మీద వస్తాయో మనం కాచుకుని చూడాలి. వందేళ్ల కిందట బ్యాటరీ కారు స్త్రీకి ఇచ్చారు, కానీ దూరం ఇవ్వలేదు. ఈసారి దూరం కూడా అడగాలి.

మన పనిలో భాగంగా చెయ్యగలిగినవి కొన్ని సూచిస్తాను. సంస్థలు నడిపే శిక్షణలో గేర్ల బండి తప్పకుండా ఉండాలి, నేర్పేవాళ్లలో స్త్రీలుండాలి, ఎత్తు మీద ఆపి కదిలించడం వచ్చేదాకా శిక్షణ ముగియకూడదు. టైరు మార్చడం, బానెట్ తెరిచి చూడడం కూడా నేర్పాలి. సర్కారు రాయితీతో కొనే ప్రతి బండిలో ఎత్తు సర్దుకునే సీటూ బెల్టూ ఉండాలని అడగాలి. మన దేశపు స్త్రీ కొలతల బొమ్మని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి పరీక్షించాలని రవాణా మంత్రిత్వ శాఖకి రాయాలి. వికలాంగ స్త్రీలకి కావలసిన మార్పుల ఖర్చు ప్రభుత్వం భరించాలి.

మీ ప్రాంతాల్లో బండి నడుపుతున్న స్త్రీలని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "ఈ సీట్లో కూర్చుంటే నీకు ఏది అందడం లేదు?" ఆ జవాబులన్నీ ఒక చోట చేరిస్తే మన కోర్కెల పత్రం తయారైనట్టే. ఇక చర్చలో మీ అనుభవాలు వింటాను.