ఒక గోదావరి, రెండు సర్కార్లు, రెండు లిపులు
(మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాంతపు పాత సంగతులు నాలుగు చెప్పమని పెద్దలు మమ్మల్ని ఆజ్ఞాపించారు. మేము చరిత్ర పండితులము కాము. ఉర్దూ మీడియం బడిలో అలిఫ్, బే దిద్దించే పంతుళ్లము. అయితే యీ ఖమ్మం, భద్రాచలం అడవి అంచున మన తాతల కాలం నాటి చరిత్ర సగం మేము నేర్పే ఆ లిపిలోనే వున్నది. ఆ సగాన్ని చదవగలిగినవాళ్లు యేటికేడాది తగ్గిపోతున్నారు. అందుకని రాజుల కథలు పక్కనబెట్టి, 1900కు అటూయిటూగా యిక్కడ సామాన్యుడి బ్రతుకు యెట్లా నడిచిందో, దాని కాగితాలు యెక్కడున్నాయో, వాటితో యివాళ మనకేం పని వుందో మనవి చేసుకుంటాము.

మొదట సరిహద్దు సంగతి. ఒకప్పుడు గోదావరికి రెండు వైపులా నిజాం ఇలాకాయే. 1860లో జరిగిన ఒప్పందంతో యెడమ గట్టునున్న భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు తాలూకాలు ఇంగ్లీషువారికి పోయినవి. వాళ్లు మొదట వాటిని మధ్య పరగణాలలో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు యిచ్చారు. నూగూరు, ఆల్బాక, చర్ల 1909లో గాని మద్రాసు కిందికి రాలేదు. కుడి గట్టున పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లందు, ఖమ్మం మాత్రం నిజాం రాజ్యంలోనే, వరంగల్లు జిల్లాలో వుండిపోయినవి. అంటే యిరవయ్యో శతాబ్దం మొదట్లో భద్రాచలం రేవులో పడవెక్కి యివతలి గట్టున దిగిన మనిషి ఒక రాజ్యం నుంచి యింకో రాజ్యంలోకి వచ్చినట్టే.

ఆ తేడా అతనికి అడుగడుగునా తెలిసివచ్చేది. అటువైపు కల్దారు రూపాయి, యిటువైపు హాలీ సిక్కా. సుమారుగా ఆరు కల్దార్లకు యేడు హాలీ రూపాయలు. అటువైపు కరణం, మునసబు. యిటువైపు పట్వారీ, మాలీ పటేలు, పోలీసు పటేలు. అటువైపు కచ్చేరీలో ఇంగ్లీషు, తెలుగు. యిటువైపు 1880ల దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ. చివరికి సంవత్సరం కూడా ఒకటి కాదు. రెండు వైపులా ఫస్లీ సంవత్సరమే వ్రాసేవారు గాని, మద్రాసు ఫస్లీ జూలై 1న మొదలయ్యేది, హైదరాబాదు ఫస్లీ అక్టోబరు మొదటి వారంలో ఆజూరు నెలతో మొదలయ్యేది. కాబట్టి 1330 ఫస్లీ అని కాగితంలో కనిపిస్తే, అది 1920లో మొదలైన సంవత్సరమని తెలుస్తుంది గాని, యే గట్టు కాగితమో చూడకుండా నెల నిర్ణయం చేయరాదు. యిది చిన్న విషయంగా తోస్తుంది. కబ్జా యే తేదీ నుంచి అన్నదే తగాదా అయినప్పుడు మూడు నెలలు చిన్నవి కావు.

యింత తేడా వున్నా మనుషులు మాత్రం విడిపోలేదు. గోదావరి మీద వంతెన 1965లో గాని రాలేదు. అప్పటిదాకా పెళ్లిసంబంధాలు, సంతలు, తీర్థాలు అన్నీ పడవల మీదనే. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న గోల్కొండ తానాషా హయాములో పాల్వంచ పరగణా తహశీల్దారు అని అందరికీ తెలిసిందే. 1860 తర్వాత గుడి ఇంగ్లీషువారి ఇలాకాలో పడ్డా, నిజాం సర్కారు నుంచి ఆ గుడికి యేటేటా సొమ్ము వెళుతూనే వుండేది. కోయలకు, కొండరెడ్లకు రెండు గట్లలోనూ బంధువులే. వాళ్లను అడిగి యెవరూ సరిహద్దు గీయలేదు.

యిక బొగ్గు సంగతి. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కు దక్కింది. 1889లో త్రవ్వకం మొదలైంది. అదే కాలంలో డోర్నకల్లు మీదుగా రైలు వచ్చింది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడింది. ఆ తరువాత కొత్తగూడెందాకా రైలు వచ్చి, ఆ స్టేషనుకు భద్రాచలం రోడ్ అన్న పేరు నిలిచింది. భద్రాచలం అక్కడికి ఆమడల దూరం, మధ్యలో గోదావరి, అయినా పేరు అదే! గనితోబాటు కూలీలు, మేస్త్రీలు, కలప గుత్తేదార్లు, దుకాణదార్లు, జంగ్లాత్ చౌకీదార్లు అడవిలోకి వచ్చారు. యివాళ యీ సభలో కూర్చున్నవారిలో అట్లా వచ్చినవారి మనుమలు, మునిమనుమలు వున్నారు. మనం యిక్కడివాళ్లం యెట్లా అయ్యామో చెప్పే చరిత్ర యిది.

కాని వచ్చేవాళ్లు వచ్చినకొద్దీ, అడవిలో ముందునుంచి వున్నవాళ్ల భూమి యేమైందని అడుగకుండా యీ చరిత్ర పూర్తికాదు. యిక్కడే గోదావరికి రెండు గట్ల మధ్య పెద్ద తేడా వున్నది. యెడమ గట్టున మద్రాసు ప్రభుత్వం 1917లో యేజెన్సీ భూముల బదిలీ చట్టం చేసింది. దాని ప్రకారం గిరిజనుని భూమిని గిరిజనేతరుడు కొనాలంటే సర్కారు ఏజెంటు అనుమతి వుండాలి, లేకుంటే ఆ బేరం చెల్లదు. అమలు యెంత గట్టిగా జరిగిందన్నది వేరే మాట, చట్టమంటూ ఒకటి వుండింది. కుడి గట్టున అటువంటి రక్షణ దాదాపు ముప్ఫయి యేండ్లు ఆలస్యమైంది. హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు 1940 ప్రాంతంలో పాపికొండల కొండరెడ్ల నడుమ తిరిగి పుస్తకం వ్రాశాడు, గిరిజనుల స్థితిగతులపై నిజాం సర్కారుకు నివేదికలు సమర్పించాడు. ఆ తర్వాత 1356 ఫస్లీలో, అంటే 1946–47లో, గిరిజన ప్రాంతాల శాసనం వచ్చింది. 1949లో దాన్ని సవరించి మళ్లీ తెచ్చారు. ఆంధ్ర ప్రాంతం కొరకు చేసిన 1959 నాటి భూబదిలీ నిబంధనలను తెలంగాణకు వర్తింపజేసింది 1963 డిసెంబరులో. 1970 సవరణతో యేజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదే అని మొదట భావించాలి, కాదంటే కాదని నిరూపించుకోవలసింది ఆ గిరిజనేతరుడే అన్న నియమం వచ్చింది.

నిరూపణ అంటే కాగితం. కుడి గట్టు కాగితమంటే ఉర్దూ. సేత్వార్, పహాణీ, ఫైసలా నకళ్లు, శిస్తు రసీదులు అన్నీ ఆ లిపిలోనివే. పోలీసు చర్య తర్వాత తయారైన 1954–55 ఖాస్రా పహాణీని యీనాటికీ భూతగాదాల్లో మొట్టమొదట అడుగుతారు. దానిలో కూడా ఉర్దూ వ్రాత కనిపిస్తుంది.

ఉర్దూ వచ్చినవాడెవడైనా చదివేస్తాడు గదా అంటారు. అట్లా కాదు. మా బడి పుస్తకంలో వుండేది ముత్యాలవంటి నస్తాలీఖ్. కచ్చేరీ గుమాస్తా వ్రాసేది షికస్తా, గొలుసుకట్టు వ్రాత, అందులో నుఖ్తాలు పెట్టే ఓపిక వుండదు. బే, పే, తే, నూన్ అక్షరాలకు మాట మధ్యలో ఒకటే పల్లు. కింద ఒక చుక్క అయితే బ, మూడయితే ప. పైన రెండయితే త, ఒకటయితే న. చుక్కలు లేకపోతే పాపయ్య బాబయ్య అవుతాడు. గాఫ్ మీద రెండో గీత మరిస్తే గుండాల కుండాల అవుతుంది. తెలుగులోని ళ, ణ అక్షరాలకు ఉర్దూలో చోటు లేదు. హ్రస్వమైన ఎ, ఒ లకు గుర్తు లేదు. బూర్గంపాడు అన్న తెలుగు పేరు ఉర్దూ కలంలో బూర్గంపహాడ్ అయి కూర్చుంది. అక్కడ పహాడ్ యెక్కడుందని వెతికితే లాభం లేదు. యివిగాక లెక్కలు మామూలు అంకెల్లో కాకుండా రఖంలో, అంటే అరబ్బీ మాటలను కుదించి చేసిన గుర్తుల్లో వ్రాసేవారు. ఎంత ఉర్దూ సాహిత్యం చదివినవాడైనా, రఖం తెలియకపోతే రెండెకరాలో యిరవై యెకరాలో చెప్పలేడు.

అందుచేత యిటువంటి కాగితం చదవడానికి ఉర్దూ ఒక్కటే చాలదు. తెలుగు రావాలి, వూళ్ల పేర్లు, యింటిపేర్లు తెలియాలి, పాత కొలతలు, ఫస్లీ నెలలు తెలియాలి. ఆ విద్యలన్నీ కలిసిన మనుషులు ఒకప్పుడు మతంతో నిమిత్తం లేకుండా యీ జిల్లా అంతటా వుండేవారు. నిజాం కాలపు బడుల్లో అందరి పిల్లలూ ఉర్దూలోనే చదివారు. దాశరథి కృష్ణమాచార్యులవారు ఖమ్మంలో ఉర్దూ మీడియంలోనే చదువుకొని, తరువాత గాలిబును తెలుగులోకి తెచ్చారు. ఆ తరం వెళ్లిపోయింది. పట్వారీగిరి చేసిన ముసలివారు ఒక్కొక్కరే పోయారు. యిప్పుడు ఆ లిపి యెవరింట్లోనైనా మిగిలివుంటే అది చాలావరకు మన యిళ్లలోనే.

యింకొక్క మాట. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. గిరిజనుడైతే 2005 డిసెంబరు 13 నాటికి ముందునుంచి భూమి తన స్వాధీనంలో వున్నట్టు చూపాలి. గిరిజనేతరుడైన పేదవాడు ఆ తేదీకి వెనుక మూడు తరాలుగా, అంటే డెబ్బై అయిదు సంవత్సరాలుగా, ఆ అడవిని నమ్ముకొని నివసిస్తున్నట్టు చూపాలి. లెక్క వేయండి: 1930 డిసెంబరు! ఆ నాటి కాగితం తెలుగులో యెక్కడుంటుంది? చట్టం కింద చేసిన నియమాల్లో పూర్వపు సంస్థానాల రికార్డులను, పెద్దల వాఙ్మూలాలను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని వ్రాశారు. అడవి అంచున వున్న దూదేకుల, కమ్మరి, కుమ్మరి, చాకలి కుటుంబాలకు యిది యెంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. సర్కారు దఫ్తరంలో వున్న కాగితం వున్నచోటనే వుంటుందని ధీమా పడరాదు. మొన్న 2014లో యేడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినప్పుడు, 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు యే వూరి రికార్డు యే కచ్చేరీలో వెతకాలో తెలియక తిరిగినవారిని మనం చూశాము. భద్రాచలం పట్టణం యివతల, దాని పక్కనే వున్న యెటపాక అవతల. నూటయాభై యేండ్ల తర్వాత మళ్లీ సరిహద్దు మనముందుకే వచ్చింది.

యిన్ని చెప్పి, చేదుగా వుండే మాట ఒకటి చెప్పకపోతే మోసం చేసినట్టు అవుతుంది. పాత కాగితం మనకు అనుకూలంగానే పలుకుతుందని రాసిపెట్టి లేదు. యే కాగితంలోనైతే మన తాత పేరు వెతుకుతామో, దాని పై వరుసలో ఒక కోయ రైతు పేరు వుండవచ్చు. అప్పు కింద, తాగుడు కింద, వెట్టి కింద పోయిన భూమి అని తెలియవచ్చు. అప్పుడు ఆ వరుస వదిలేసి చదివితే మన విద్యకు విలువ లేదు. తెచ్చినవాడు యెవరైనా సరే, వున్నది వున్నట్టు చదవాలి. చుక్క లేనిచోట చుక్క వూహించి ఖాయం చేయరాదు. యిక్కడ రెండు విధాలుగా చదవవచ్చు అని తెలుగులో పక్కన వ్రాసి సంతకం పెట్టాలి. పాపయ్యా బాబయ్యా అన్నది తేల్చేపని అధికారిది. చదివేవాడు తేల్చబోతే అది యింకో అన్యాయం.

యిక మా విన్నపము. సంఘం తరపున నెలకు ఒక ఆదివారం, మన బడి గదిలోనే, పాత ఉర్దూ కాగితాలు ఉచితంగా చదివిపెట్టే యేర్పాటు చేయాలి. పంతుళ్లము మేము కూర్చుంటాము. షికస్తా, రఖం వచ్చిన పెద్దలు యింకా మన మధ్య యిద్దరు ముగ్గురు వున్నారు; వారి పక్కన మా పై తరగతి పిల్లలను కూర్చోబెట్టి ఆ విద్య దింపుకోవాలి. వారు వున్నప్పుడే యీ పని జరగాలి. కాగితాలు తెచ్చేవారి కులం, మతం అడుగనక్కరలేదు. అసలు కాగితం తీసుకొని దాచుకోరాదు, నకలు వ్రాసుకొని ఆ పూటే తిరిగి యివ్వాలి. మీ యిళ్లలో రేకుపెట్టెల్లో, అటకల మీద, ముసహఫ్‌తోబాటు మూటగట్టి పెట్టిన పాత దస్తావేజులు వుంటాయి. చెదలు పట్టకముందే వాటిని యెండ తగలకుండా గాలికి ఆరబెట్టి, మడతలు విప్పి చూడండి. అర్థం కాదని పొయ్యిలో వేయకండి. మీకు పనికిరానిది యే గూడెంలోని మనిషికో ఆధారం కావచ్చు.

పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు, ఉర్దూ చదివితే యేం ఉద్యోగం వస్తుంది సార్ అని. దానికి మా దగ్గర పెద్ద జవాబు లేదు. అయితే వచ్చే యేడాది యీ సావనీరులో, యిన్ని కాగితాలు చదివాము, యిన్ని కుటుంబాలకు నకళ్లు యిచ్చాము అని సంఘం ఒక పేజీ అచ్చువేయగలిగితే, ఆ పేజీని తరగతిలో వాళ్లకు చదివి వినిపిస్తాము.