కేదార మార్గమున యాత్రాధర్మము

(ఇస్మాయిల్‌ఖాన్‌పేట శ్రీ దుర్గాభవానీ అమ్మవారి సన్నిధిలో, కేదారయాత్రకు బయలుదేరు భక్తుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)





మీలో కొందరు రాబోవు మాసమున కేదారనాథునికి బయలుదేరుచున్నారని ట్రస్టువారు చెప్పి, యాత్రావిధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను కోరినారు. నేను పాఠశాలలో వేదము చదువుకొన్నవాడను. కొండలెక్కుట నేర్చినవాడను కాను. అయినను ఆ దారిని ఒక్కసారి నడిచితిని. ఆ ఒక్కసారి నా వలన జరిగిన తప్పు మీ వలన జరుగకుండుటకే ఈ ప్రసంగము.

మంజీరా తీరమున పుట్టి పెరిగిన మనకు చెరువుగట్టు ఎక్కుటయే ఎక్కుట. ఎక్కువలో ఎక్కువ అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరియుందుము. "ఏడుకొండలు ఎక్కిన కాళ్ళకు ఇదెంత?" అని మనసున ధైర్యము. ఆ ధైర్యము మంచిదే. కాని లెక్క కూడ తెలిసియుండవలెను. మన సంగారెడ్డి సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. తిరుమల వేయి మీటర్లకు లోపే. కేదారమునకు నడక మొదలగు గౌరీకుండమే సుమారు 1,980 మీటర్లు; స్వామి ఆలయము 3,583 మీటర్లు. నడుమ సుమారు 16 కిలోమీటర్ల దారి. అనగా ఉదయమున బయలుదేరినవాడు సాయంత్రమునకు నిలువున 1,600 మీటర్లు ఎక్కవలెను. అక్కడ మనము పీల్చు ఊపిరిలోని ప్రాణవాయువు ఇక్కడి దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. కాళ్ళు ఎక్కగలవు, ఊపిరికి మాత్రము వ్యవధి కావలెను.

ఈ సంగతి పూర్వులకు తెలియును. కనుకనే ఆ దారిలో చట్టీలను ఏర్పరచిరి. చట్టి యనగా రాతిగోడలు, పైన పలకరాళ్ళో గడ్డియో కప్పిన చిన్న వసతి. ఋషీకేశము నుండియే కాలినడకన వెళ్ళిన ఆ రోజులలో కొన్ని మైళ్ళకొక చట్టి ఉండెడిది. చట్టివానియొద్ద పిండి, పప్పు, బియ్యము కొన్నచో వంటపాత్రలిచ్చును, పడుకొన చోటిచ్చును; ఆ చోటునకు అద్దె పుచ్చుకొనడు. కాలీకమ్లీవాలా బాబాగా ప్రసిద్ధులైన స్వామి విశుద్ధానందులవారు ఆ దారులలో ధర్మశాలలు కట్టించి, అన్నదానము నడిపించి, లక్షలమందికి ఆ యాత్రను సుగమము చేసిరి. జంగల్‌చట్టి, గరుడచట్టి అను పేర్లు నేటికిని ఆ కాలమును గుర్తుచేయుచున్నవి. చట్టిలో ఆగుట యాత్రకు విఘ్నము కాదు. ఆగుట కూడ యాత్రలో భాగమే.

ఇక శాస్త్రము ఏమి చెప్పుచున్నదో చూతము. మహాభారతములో పాండవులు హిమవంతమును ఎక్కిన ఘట్టములలో రెండు మనకు ఇక్కడ ముఖ్యము. జనులకు బాగుగా జ్ఞాపకమున్నది కడపటిది, మహాప్రస్థానము. ద్రౌపది పడిపోయినది, ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయిరి. ఆయన చూడలేదు, ఆగలేదు. దీనిని విని, "వైరాగ్యమనిన అది! గమ్యము తప్ప మరేమియు చూడరాదు" అని మనము తల ఊపుదుము.

కాని అదే ద్రౌపది, అదే హిమాలయమున, అంతకు ఎన్నో ఏండ్లకు ముందు మరియొకసారి పడిపోయినది. అది అరణ్యపర్వములో తీర్థయాత్రా సందర్భము. అర్జునుడు దివ్యాస్త్రములకై వెళ్ళియుండగా, తక్కినవారు లోమశ మహర్షి వెంట తీర్థములు సేవించుచు గంధమాదనమునకు బయలుదేరిరి. మహర్షి మొదటనే పరివారమును తగ్గించుకొమ్మని హెచ్చరించెను. పర్వతపాదమున, సుబాహుడను రాజు దేశములో పరిచారకులను, వంటవారిని విడిచిరి. ధర్మరాజు అంతటితో తృప్తిచెందక, "భీమా, నీవు ద్రౌపదితో గంగాద్వారముననే నిలువుము, ఈ దారి ఆమెకు కష్టము" అనెను. భీముడు ఒప్పుకొనలేదు. ఆమె నడువలేని చోట తాను మోసికొనిపోవుదుననెను.

గంధమాదనమున పెనుగాలి, రాళ్ళవాన. అది తగ్గి, ఒక క్రోశెడు దూరము నడిచిరో లేదో, ద్రౌపది సొమ్మసిల్లి ఒరిగిపోయినది. నకులుడు పరుగున వచ్చి పట్టుకొనెను. అప్పుడు ధర్మరాజు ఏమి చేసెను? ముందుకు సాగెనా? లేదు. ఆమె తలను తన ఒడిలో ఉంచుకొని విలపించెను. జింకచర్మముపై పరుండబెట్టిరి. కవలలిద్దరును, అల్లెత్రాటి కాయలు కాచిన చేతులతో, ఆమె పాదములు ఒత్తిరి. ధౌమ్యుడును తక్కిన విప్రులును రక్షామంత్రములు జపించిరి. ఆమె తేరుకొన్న పిదప భీముడు ఘటోత్కచుని స్మరించెను. ఆ బిడ్డ వచ్చి తల్లిని ఎత్తుకొనెను. అతని అనుచరులు తక్కినవారిని మోసిరి. అట్లు అందరును కలిసి బదరీ నరనారాయణాశ్రమమును చేరిరి.

ఒకే పర్వతము, ఒకే కుటుంబము. ఒకసారి అందరును ఆగిరి. ఒకసారి ఎవ్వరును ఆగలేదు. భేదమేమి? మొదటిది యాత్ర. రెండవది ప్రస్థానము. యాత్రకు వెళ్ళువాడు ఇంటికి తిరిగి రావలసినవాడు. వెళ్ళినవారందరును తిరిగి వచ్చి, తెచ్చిన గంగాజలముతో సమారాధన చేసినప్పుడే యాత్ర పూర్తియైనట్లు మన పెద్దలు తలంచిరి. ప్రస్థానమునకు వెళ్ళువాడు రాజ్యమును, శరీరమును, తిరిగి వచ్చు ఆశను ముందే వదలినవాడు. ఆ ధర్మము ఈ ధర్మము కాదు. సెలవు పెట్టి, తిరుగు రైలుకు కూడ టికెట్టు తీసికొని బయలుదేరిన మనము, "ధర్మరాజు చూచెనా?" అని వెనుకవారిని విడిచి పోరాదు.

నాయనలారా, ఈ భేదము నేను గ్రంథములో చాలసార్లు చదివితిని, చాలమందికి చెప్పితిని. తెలిసికొన్నది మాత్రము 1996లో.

నాకప్పుడు నలుబదియైదేండ్లు. ఈ ప్రాంతము నుండి పదునొకండుగురము వెళ్ళితిమి. నా ధర్మపత్ని వెంట ఉన్నది. గౌరీకుండమున తప్తకుండములో స్నానము చేసి, అందరికిని నేనే సంకల్పము చెప్పించితిని. "ధర్మపత్నీసమేతస్య" అని నా నోటితో పలికితిని. "సహకుటుంబానాం" అని అందరిచేత పలికించితిని. తెల్లవారకముందే నడక మొదలైనది.

సగము దారిలో, ఏడు కిలోమీటర్లకు, రాంబాడా. అక్కడికి వచ్చుసరికి ఆమె ఒక చట్టి అరుగుపై కూర్చున్నది. తాగిన టీ కడుపులో నిలువలేదు. "ఏమండీ, తల పగిలిపోవుచున్నది. ఈ రాత్రికి ఇక్కడ ఉందామా?" అని అడిగినది. చట్టి యజమాని గఢ్‌వాలు ముదుసలి. అతడును అదే చెప్పెను: "పండిత్‌జీ, రేపు వెళ్ళండి. కేదారబాబా ఎక్కడికి పోవును?"

ఆ దినము సోమవారము. సాయంకాల హారతి అందుకొనవలెనని నా పట్టుదల. "శివనామము చెప్పుకొనుచు నడువుము, అదే తగ్గును" అంటిని. ఆమె మారుమాట లేక లేచినది. నేను రుద్రము బిగ్గరగా చెప్పుకొనుచు ముందు నడిచితిని. అది భక్తి యనుకొంటిని. ఆ స్వరము వెనుకనుండి ఎవ్వరు పిలిచినను వినబడనీయనంత గట్టిది.

గరుడచట్టి దాటి, ఆలయశిఖరము మొదట కనబడు చోటికి వచ్చి వెనుదిరిగి చూచితిని. ఆమె లేదు. కొంతసేపటికి మా బృందములోని కడపటివాడు వచ్చి చెప్పెను. ఆమె ఒక బండప్రక్క కూలబడినది. కండీ మోయు కుర్రవాడొకడు, అనగా వీపున బుట్ట కట్టి అందులో మనుష్యులను కూర్చుండబెట్టి మోయువాడు, ఆమెను బుట్టలో ఎక్కించుకొని రాంబాడాకు దింపుకొనిపోయెను. మా బృందములోని ఒక తల్లి తోడు వెళ్ళినది.

ఒకవైపు శిఖరము, ఒకవైపు దిగు దారి. నేనేమి చేయవలసియుండెనో ఇక్కడి చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. నేను ఆలయమునకే వెళ్ళితిని. "తోడు మనిషి ఉన్నది కదా, దర్శనము చేసికొని రేపు దిగుదును" అని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని. హారతి చూచితిని. ఆ రాత్రి చలికి కాదు, భయమునకు నిద్ర పట్టలేదు. ఆమె బ్రతికియున్నదో లేదో తెలియదు. చీకటిలో దిగు వీలు లేదు. స్వామి సన్నిధిలో ఉండియు ఆ రాత్రి స్వామి నాకు జ్ఞాపకము రాలేదు.

తెల్లవారి పరుగున దిగితిని. ఆమె చట్టిలో పొయ్యిప్రక్క కంబళి కప్పుకొని, రొట్టె తినుచున్నది. క్రిందికి దింపిన కొన్ని గంటలకే తలనొప్పి తగ్గినదట. చట్టివాడు చోటునకు డబ్బు పుచ్చుకొనలేదు. ఆ కుర్రవాడు అప్పటికే మరియొకరిని మోయుటకు వెళ్ళిపోయినాడు. అతని పేరైన నాకు తెలియదు. నేను నేర్చిన వేదము ఆమెను ఆ బండప్రక్క విడిచినది. అక్షరము రాని ఆ బిడ్డ ఘటోత్కచుడై వచ్చి ఆమెను మోసెను.

ఆమె నన్ను నిందించలేదు. నా ముఖము చూచి, "స్వామి దర్శనము బాగుగా అయినదా?" అని మాత్రమే అడిగినది. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోతిని.

మరల తీసికొనిపోవుదునని మాట ఇచ్చితిని. ఒక ఏడు పాఠశాల పనులు, ఒక ఏడు అనారోగ్యము. 2013 జూన్ 16, 17 తేదీలలో ఆలయమునకు ఎగువనున్న చోరాబాడీ సరస్సు తెగి, మందాకిని పొంగి, వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. రాంబాడా మొత్తము కొట్టుకొనిపోయినది. ఆ చట్టియు లేదు. ఆ వార్త విని మేమిద్దరము ఆ ముదుసలిని తలంచుకొని చాలసేపు మాటాడలేదు. తరువాత నది ఆవలిగట్టున లించోలీ మీదుగా క్రొత్తదారి వేసిరి. నా భార్య ఆ దారిని చూడలేదు. కేదారమును చూడకయే ఆరేండ్ల క్రిందట శివైక్యము చెందినది.

కావున యాత్రకు వెళ్ళు మీకు నేను చెప్పునది ఇంతే.

ఒకే పగటిలో ఎక్కి తీరవలెనను పంతము వదలుడు. పటాన్‌చెరువు కర్మాగారములలో షిఫ్టులు చేయు బిడ్డలకు పదిదినముల సెలవు దొరకుటయే కష్టమని నాకు తెలియును. అయినను అందులో ఒక దినమును కొండకు విడువుడు. గుప్తకాశిలోనో, సోన్‌ప్రయాగలోనో, దారి నడుమనో ఆగుడు. బయలుదేరుటకు ముందే వైద్యుని చూచి, రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బు ఉన్నవారు ఆయన సలహాను శాస్త్రవాక్యముగా స్వీకరించుడు. రోజూ వేసికొను మందులు చేతిసంచిలోనే ఉండవలెను.

తలనొప్పి, వాంతి, కన్నులు తిరుగుట మొదలైనచో ఒక్క అడుగును పైకి వేయవద్దు, ఆగుడు. కూర్చున్నను ఆయాసము తగ్గకున్న, నడక తూలుచున్న, మాట తడబడుచున్న, వెంటనే క్రిందికి దింపుడు. తెల్లవారనిమ్మని వేచియుండక, తోడు మనుష్యులను, మోయువారిని పిలిచి దింపుడు. దానికి దిగుటయే మొదటి మందు. హెలికాప్టరులో పోవువారు నిమిషములలో పైకి చేరుదురు. సోన్‌ప్రయాగ నుండి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు కేంద్రప్రభుత్వము 2025 మార్చిలో ఆమోదము తెలిపినది. ఇవి కాళ్ళ శ్రమను తగ్గించునే గాని ఊపిరికి వ్యవధి నీయవు. కావున వారికిని ఈ హెచ్చరిక వర్తించును.

మీలో అందరికంటె మెల్లగా నడుచువారిని ముందు ఉంచుడు. బలవంతుడు చివర నడువవలెను. ఒక్కరు దిగవలసివచ్చిన, వారి ఆప్తుడు వారితో దిగవలెను. దర్శనము పోయినదని విచారింపవద్దు. మహాప్రస్థానములో సైతము ధర్మరాజు కడకు ఏమి చేసెనో గుర్తు తెచ్చుకొనుడు. ఇంద్రుడు రథము తెచ్చి నిలిపినను, తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రాననెను. ఆ కుక్కయే ధర్మదేవత. ఆయన వెదకిన ధర్మము ముందు లేదు. వెనుక నడిచి వచ్చుచున్నది.

మీరు సంకల్పము చెప్పునప్పుడు "సహకుటుంబానాం" అను చోట ఒక్క క్షణము ఆగి, మీ వారి ముఖములు చూడుడు. ఎందరు వెళ్ళుచున్నారో అందరును తిరిగి వచ్చి, ఈ భవానీమాత ముంగిట సమారాధన జరుపుకొందురు గాక. ఆ దినమున నన్ను పిలువుడు. అప్పుడు "స్వామి దర్శనము బాగుగా అయినదా?" అని నేను అడుగుదును, జవాబు చెప్పునప్పుడు మీకెవ్వరికిని తల దించుకొనవలసిన అవసరము రాకుండుగాక.

స్వస్తి. శుభం భూయాత్.