ఆగస్టా, అక్టోబరా?

ఇవాళ పట్టాలు అందుకుంటున్న చరిత్ర, పురావస్తు శాఖల విద్యార్థులారా!

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపీ నగరాన్ని బూడిదలో పూడ్చేసింది. ఏ రోజున? ఆగస్టు 24 అని అందరం చదువుకున్నాం. ఆ తేదీకి ఉన్న ఆధారమల్లా ఒక్క ఉత్తరం.

రాసినవాడు రోమన్ రచయిత ప్లినీ. పేలుడు నాటికి పదిహేడేళ్లవాడు. నౌకాదళాధిపతి అయిన మేనమామ ఓడ ఎక్కబోతూ వస్తావా అని అడిగితే, చదువుకోవాలి, రానన్నాడు. మేనమామ తిరిగి రాలేదు. (పరీక్షల ముందు మీ అమ్మానాన్నలకు ఈ కథ తెలియకపోవడం మీ అదృష్టం.) పాతికేళ్లు దాటాక, చరిత్రకారుడు టాసిటస్ కోరితే ప్లినీ ఆ వృత్తాంతం రాసి పంపాడు. మనకు మిగిలింది ఆ ఉత్తరం కాదు, శతాబ్దాల తరబడి లేఖకులు ఎత్తిరాస్తూ వచ్చిన ప్రతులు. నెల రెండో సగంలో రోమన్లు తేదీని రాబోయే నెల ఒకటో తారీఖు నుంచి వెనక్కి లెక్కపెట్టేవారు. ఆ నెల పేరు దగ్గర లేఖకుడు పొరబడితే విపత్తే ఇంకో రుతువులోకి జరుగుతుంది. తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టి చూసినవారికి పాఠాంతరాల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తవ్వకాల్లో దానిమ్మపండ్లు దొరికాయి, మూతలు బిగించిన వైన్ బానలు దొరికాయి. ఇవి ఆగస్టువి కావు, శరత్కాలానివి అన్నారు కొందరు. వారికి ఒక వెండి నాణెం తోడైంది. దాని మీద టైటస్ చక్రవర్తి జయఘోషల (విజయాలకు సైన్యం పలికిన జేజేల) సంఖ్య 15 అని చదివారు. పదిహేనో జయఘోష సెప్టెంబరుకు ముందు జరగలేదు, అంటే నాణెమూ అంతకు ముందుది కాదు. వాదం తేలిపోయినట్టే అనిపించింది. 2013లో నాణేల పరిశోధకుడు రిచర్డ్ ఆబ్డీ అదే నాణేన్ని మళ్లీ పరిశీలించి, అక్కడున్నది 14 అని చూపించాడు. గట్టి సాక్ష్యమనుకున్నది ఒక్క అంకెతో కూలింది. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ బయటపడింది: అక్టోబరు 17. బొగ్గు రాత ఎక్కువకాలం నిలవదు కనుక అది పేలుడు జరిగిన ఏటిదే, పేలుడు ఆ తర్వాతే అన్నారు. గోడ మీద సంవత్సరం మాత్రం లేదు.

నన్నడిగితే అక్టోబరు వైపే మొగ్గుతాను. కానీ నా గౌరవం ఆ నాణేన్ని తిరిగి చదివిన మనిషికి. అందరూ ఒప్పేసుకున్న అంకెను మళ్లీ చూడాలంటే ఓపిక కావాలి, కాస్త మొండితనమూ కావాలి. దానికి చప్పట్లు కొట్టేవారు తక్కువ.

సుమారు 66 హెక్టార్ల పాంపీలో ఇంకా మూడో వంతు మట్టికిందే ఉంది. తవ్వలేక కాదు, మెరుగైన పరికరాలతో రాబోయేవారి కోసం కావాలనే వదిలారు. మీ సిద్ధాంత గ్రంథంలోనూ తేలని చోటు ఉంటుంది. మౌఖిక పరీక్షలో దాన్ని కప్పిపుచ్చకండి. ఇదిగో ఇక్కడుందని వెనక వచ్చే విద్యార్థికి చూపించండి.