ప్రక్కనఁ గూర్చుండి చెప్పిన లెక్క
(వార్షిక మహాసభయందలి విద్యాగోష్ఠిలోఁ జేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు మన పిల్లల విద్యనుగూర్చి నాలుగుమాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. విద్య యనఁగానే కళాశాలలును, వసతిగృహములును, విదేశములలోని పట్టములును మనస్సునకు దోఁచుట సహజము. మేము నేఁడు విన్నవింపఁబోవునది అంత గొప్పది కాదు. ఒక పిల్లవాఁడు, ఒక పలక, వాఁడు లెక్క చేయుచుండఁగాఁ బ్రక్కనఁ గూర్చుండి చూచు నొక పెద్దమనిషి: ఇంతియే మా విషయము. అయినను మన బిడ్డలలో ననేకుల చదువు సాగుటయు, నాఁగిపోవుటయు నీ చిన్న విషయముమీఁదనే యాధారపడియున్నదని మా నమ్మకము.

మన సంఘము ఏటేట పరీక్షలలో మొదటివారుగా వచ్చిన బాలబాలికలకుఁ బతకములిచ్చి సత్కరించుచున్నది. అది మంచిదే. కాని పతకము పుచ్చుకొన్న పిల్లవాఁడు పతకము లేకున్నను బైకి రాఁగలవాఁడు. లెక్కలలోఁ దప్పి, సిగ్గుపడి, బడి మానినవారి పట్టిక మనలో నెవ్వరివద్దనైనఁ గలదా? వారి పేళ్లు ఏ సభలోను జదువఁబడవు. ఈ లోపమునకు మేమును బాధ్యులమే. ఒక వసతిగృహపు పర్యవేక్షణము మా చేతిలో నున్న దినములలో, "వీనికి లెక్కలు రావు" అని వ్రాసి బాలుర నిండ్లకుఁ బంపు కాగితములమీఁద మేమే సంతకములు చేసితిమి. అట్టి కాగితము మరియొకటి వచ్చినపుడు, ఏలనో, ఆ బాలునిఁ బిలిచి చూడవలెనని తోఁచినది.

వాఁడు 6వ తరగతి పిల్లవాఁడు. పలకమీఁద 578లో నుండి 235 తీసివేయుమంటిమి. తప్పులేక 343 అని వ్రాసెను. 503లో నుండి 247 తీసివేయుమంటిమి. 344 అని వ్రాసెను, రావలసినది 256. 602లో నుండి 358 తీసివేయుమనఁగా 356 అని వ్రాసెను; రావలసినది 244. ఇదివఱకు వాని కాగితములమీఁద ఎఱ్ఱగీఁతలు గీచినవారందఱును వీఁడు తోఁచినది వ్రాయుచున్నాఁడని తలఁచిరి. "నాయనా, ఈ లెక్క నెట్లు చేసితివో నోటితోఁ జెప్పుము" అని మేమడిగితిమి. "చిన్నది పెద్దదానిలోనుండి తీయవలెను గదండీ! 3, 7లలోఁ బెద్దది 7, అందులో 3 పోఁగా 4" అనెను. సోదరులారా! వాఁడు తోఁచినది వ్రాయుటలేదు. ఎప్పుడో చిన్నతరగతిలో వినిన యొక మాటను సూత్రముగాఁ బట్టుకొని, ప్రతి లెక్కలోను దప్పక పాటించుచున్నాఁడు! ప్రక్కస్థానమునుండి యప్పు తెచ్చుకొను పద్ధతి చెప్పిననాఁడు వాఁడు జ్వరముతో నింట నుండెనట. ఆ యొక్క మెట్టు లేకపోవుటచే, దానిమీఁదఁ గట్టిన భాగహారమును, దశాంశములును గూలిపోయినవి.

పుల్లలను బదేసి చొప్పునఁ గట్టలు కట్టించి, వంద నొకటి విప్పి పదులుగాను, పది నొకటి విప్పి ఒకట్లుగాను మార్చి చూపితిమి. నాలుగు దినములలో వాని తీసివేత చక్కఁబడినది. భాగహారమునకు మాత్రము నెలలు పట్టినది. వాఁడు బడిలో నిలిచెను. కాని మాకు సంతోషముకన్న దుఃఖమే యెక్కువ కలిగినది. ముందు పంపివేసిన బాలురలో నెందఱి కిట్టి చిన్నమెట్టు ఒక్కటే కొఱవడెనో!

ఇది ఉపాధ్యాయుల తప్పని మేమనము. నలువదిమంది పిల్లలున్న గదిలో ఒకరు పాఠము చెప్పునపుడు, ఏ పిల్లవాఁ డేమెట్టుపై జాఱెనో చూచుట కవకాశము లేదు; పాఠము గడువులోఁ బూర్తి కావలెను. చరిత్రలో నొక యధ్యాయము రాకున్నను దరువాతిది చదువవచ్చును. లెక్కలలో నట్లు కాదు. 2024వ సంవత్సరమున గ్రామీణ భారతదేశమున జరిపిన "అసర్" విద్యాస్థితి పరిశీలనలో, 5వ తరగతి పిల్లలలో నూటికి సుమారు 30మంది మాత్రమే మూఁడంకెల సంఖ్యను ఒకయంకెతో భాగింపఁగలిగిరి. తక్కినవారు తెలివిలేనివారా? కారు, జాఱినచోట నెవ్వరును నిలిచి చూడనివారు.

మన పెద్దల వీధిబడులలో నిట్టి చూపు కొంత యుండెడిది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలలనుగూర్చి విచారణ చేయించెను. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్, తెలుఁగు వ్యాకరణము వ్రాసిన యాయనయే, 1823లోఁ బంపిన నివేదికలో ఆ జిల్లాయందు 533 బడులును, వానిలో 6,641మంది విద్యార్థులును గలరని వ్రాసెను. అందు 226 తెలుఁగుబడులు. అనఁగా బడికి సుమారు పండ్రెండుగురు. ముందు నేర్చిన పిల్లలు చిన్నవారికి నేర్పుట యుండుటచే, ఒక్కొక్క పిల్లవాని యిసుకవ్రాఁతను జూచు కన్ను ఒకటి యుండెడిది. అయినను ఆ కాలమును మేము పొగడఁబోము. తొమ్మిదిలక్షలకుఁ బైఁబడిన జనులలో జదువుచుండినవారు ఆ 6,641 మందియే. వారిలో బాలికలు కేవలము 60మంది. ఆనాఁడు చూపు గలదు, వాకిలి మూయఁబడియుండెను. నేఁడు వాకిలి తెఱవఁబడినది, చూపు కొఱవడినది. రెండును గలుపుట మనవంతు.

ఇది మా యొక్కరి యనుభవము మాత్రమే కాదు. 1984లో అమెరికాదేశపు విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఒక్కొక్కరికిఁ బ్రత్యేకముగాఁ బాఠము చెప్పఁగా సామాన్యవిద్యార్థి సైతము మామూలు తరగతిలోని నూటికి 98మందిని మించునని ప్రకటించెను. ఇది యతిశయమని తరువాతి పరిశోధనలు తేల్చినవి. 2020లో 96 ప్రయోగములను గూర్చి సమీక్షించినవారు, లాభము అంత లేకున్నను గొప్పదియే యనియు, తరిఫీదు పొంది జీతముతో జెప్పువారివలనఁ గలిగిన లాభము, తీరికవేళ ధర్మార్థముగాఁ జెప్పువారివలనఁ గలిగినదానికన్న నెక్కుడనియుఁ గనుఁగొనిరి. ఈ రెండవమాట దాతలు గమనింపవలెను.

మనదేశముననే ముంబయి, వడోదరలలోఁ బ్రథమ్ సంస్థవారు ఆ పేటల యువతులకుఁ గొలఁది తరిఫీదు నిచ్చి, 3, 4 తరగతులలో వెనుకఁబడిన పిల్లలను 15 మొదలు 20మంది చొప్పున దినమునకు రెండు గంటలు వేఱుగాఁ గూర్చుండఁబెట్టి, వచ్చినచోటనుండి చెప్పించిరి. ఆ పిల్లలు ముందునకు వచ్చిరని 2007లోఁ బ్రకటితమైనది. దానిని బరిశీలించినవారిలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో 2019లో నోబెల్ బహుమానమందినవారు. ఇది యొక్కరి కొక్కరు చెప్పిన చదువు కాదు. కాని పిల్లవాని తరగతిని గాక, వాఁడు నిలిచినమెట్టును జూచుటయే రెండింటికిని బ్రాణము. 2020లో మహమ్మారిచే బడులు మూయఁబడినపుడు, ఆఫ్రికాలోని బోట్స్‌వానాదేశమున వారమున కొకమాఱు పదునైదిరువది నిమిషములు టెలిఫోనులో లెక్కలు చెప్పఁగా సైతము పిల్లలకు మేలు కలిగినది.

ఇఁక "మా యూర ట్యూషనులు లేవా?" యని మీరడుగవచ్చును. గలవు. ముప్పదిమందిని జాపమీఁదఁ గూర్చుండఁబెట్టి, బడిలోఁ జెప్పినదే మరల చెప్పించి, జవాబులు వల్లెవేయించుట మేము కోరునది కాదు. చెప్పువారు ముందు వినవలెను. "ఎట్లు చేసితివి?" అన్నదే మొదటిప్రశ్న. ఒక బాలిక నాల్గవవంతుకన్న ఎనిమిదవవంతు పెద్దదని వ్రాసినది. 4కన్న 8 పెద్దది గదా! "అమ్మా, అంగడికిఁ బోయి పావుకిలో పచ్చిమిరపకాయలు తెచ్చితివా, అరపావు తెచ్చితివా, ఏది యెక్కువ?" అనఁగానే "పావే" యని నవ్వినది. ఆ నవ్వుతో భిన్నములు వచ్చినవి. ఆ బిడ్డకు సంగతి తెలియును. పుస్తకపు వ్రాఁతకును దానికిని సంబంధము మాత్రమే తెలియదు.

కావున మహాసభవారికి మా మనవి యిది. ఒక పిల్లకు అరగంట చొప్పున వారమునకు మూఁడుమాఱులు, ముప్పదివారములు చెప్పినచో 45 గంటలగును. ఎనమండుగురు పిల్లలను స్వీకరించినవారికి వారమునకు 12 గంటల పని. మనలోఁ జదివి పనిలేక యున్న యువకులును, పట్టభద్రులై యింటనున్న కోడండ్రును గలరు. వారికిఁ దరిఫీదును, గౌరవప్రదమైన జీతమును సంఘమియ్యవలెను. పతకముల నిధిలో సగము దీనికి మార్చుఁడు. పరదేశముల నున్న మన సోదరులు విరాళముతోఁబాటు, ఒక బిడ్డకు వారమున కిరువది నిమిషములు టెలిఫోనులో నిచ్చినచో మఱియు మేలు. బాలికలను మగపిల్లలకుఁ దరువాత ననక, ముందుగాఁ జేర్చుకొనుఁడు. మఱియొకమాట: మన బిడ్డ ప్రక్కన నిరుగుపొరుగుబిడ్డ యే కులమువాఁడైనను వచ్చి కూర్చున్నచో లేవవద్దనుఁడు. అంకెకుఁ గులము లేదు. ఒక సంఘము తన వెలుఁగు వీధిలోఁ బడనిచ్చుట దానికి గౌరవమే గాని నష్టము కాదు.

వచ్చు మహాసభలోఁ బతకముల పట్టికతోఁబాటు రెండవపట్టిక యొకటి చదువఁబడవలెనని మా కోరిక: ఈ యేఁట నెందఱు బిడ్డలు తప్పిపోయిన మెట్టును దిరిగి యెక్కిరో చెప్పు పట్టిక. "వీనికి లెక్కలు రావు" అను కాగితము మనలో నెవ్వరి యెదుటకు వచ్చినను, సంతకము చేయుటకు ముందు ఒక్క యరగంట ఆ బిడ్డ ప్రక్కనఁ గూర్చుండుఁడు. మేమాలస్యముగా నేర్చిన పాఠమిది. మీరాలస్యము చేయకుందురని ప్రార్థించుచున్నాము.