బేస్‌మెంట్‌లో వైఫై: రౌటర్ కొనే ముందు ఏం చూసుకోవాలి

*ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. షిఫ్టుల వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రాసి పంపుతున్నాం.*



పోయినసారి పే స్టబ్ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి చాలామంది ఒకటే అడిగారు: "బేస్‌మెంట్‌లో వైఫై అందట్లేదు, ఏ రౌటర్ కొనమంటారు?" అని. దుకాణంలో 60 డాలర్లకూ రౌటర్ ఉంది, 600 డాలర్లకూ ఉంది. 600 పెట్టి కొన్నా కాల్ తెగిపోతుంటే ఏం లాభం? అందుకే పెట్టె పేరు చివర్లో చూద్దాం. ముందు మన ఇల్లు, మన మనుషులు, మన బిల్లు చూసుకుందాం.

*1. రోగం ఎక్కడుందో ముందు తెలుసుకోండి*

ఇంటికి వచ్చే లైన్ ఒకటి. ఆ లైన్‌ని ఇంటర్నెట్‌గా మార్చే పెట్టె మోడెమ్. దాన్ని గాల్లో మన ఫోన్లకు పంచేది రౌటర్. ఇక్కడ పెద్ద కంపెనీలు మోడెమ్, రౌటర్ రెండూ ఒకే పెట్టెలో పెట్టి ఇస్తాయి. అందుకే మనం అన్నింటినీ కలిపి "వైఫై" అనేస్తాం.

ఒక చిన్న పరీక్ష చేయండి. పెట్టె పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ కొట్టండి. తర్వాత మీ మంచం మీద కూర్చుని మళ్లీ కొట్టండి. పెట్టె దగ్గర బాగుండి మంచం దగ్గర పడిపోతే, అది రౌటర్‌ సమస్య లేదా రౌటర్ పెట్టిన చోటు సమస్య. పెట్టె దగ్గర కూడా తక్కువే వస్తే, సమస్య లైన్‌ది గానీ పెట్టెది గానీ అయ్యుంటుంది. అప్పుడు డబ్బు తీయకండి, కంపెనీకి ఫోన్ చేయండి. బాగు చేయాల్సిన బాధ్యత వాళ్లది.

*2. రాత్రి తొమ్మిది గంటల లెక్క*

టొరంటోలో రాత్రి 9 అయితే ఊళ్లో ఎండాకాలం పొద్దున 6:30, చలికాలం 7:30. అమ్మ లేచి ఉంటుంది, పిల్లలు ఇంకా బడికి వెళ్లి ఉండరు. మన ఇంట్లో అందరూ ఫోన్ పట్టుకునేది అప్పుడే. కాబట్టి ఇంటర్నెట్ ఎంత కావాలో ఆ గంటని బట్టి లెక్క వేయాలి.

ఎనిమిది మంది ఉన్న ఇల్లు తీసుకోండి. నలుగురు వీడియో కాల్‌లో ఉన్నారు. ఒక్కో కాల్‌కి 2 ఎంబీపీఎస్ వేసుకోండి, అది కూడా ధారాళంగానే. రావడానికి 8, పోవడానికి 8. ఇద్దరు సినిమా చూస్తున్నారు. మంచి బొమ్మకి నెట్‌ఫ్లిక్స్ వాళ్లు చెప్పే లెక్క 5 ఎంబీపీఎస్, ఇద్దరికీ 10. మిగతా ఇద్దరు రీల్స్ చూసినా, మొత్తం డౌన్‌లోడ్ 30 దాటదు.

అంటే 1000 ఎంబీపీఎస్ గిగాబిట్ ప్లాన్ మనకు అక్కర్లేదు. 100, 150 ప్లాన్ చాలు. ఈ దేశ టెలికాం నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 2016లో ఇంటర్నెట్‌ని కనీస అవసరంగా ప్రకటించి, ఇంటికి 50 డౌన్‌లోడ్, 10 అప్‌లోడ్ అందాలని లక్ష్యం పెట్టుకుంది. మన ఎనిమిది మంది ఇంటికి డౌన్‌లోడ్ సరిపోతుంది గానీ, అప్‌లోడ్ 10లో 8 కాల్స్‌కే పోయింది, చూశారా? అమ్మకి మన ముఖం ఆగి ఆగి కనిపించేది ఇక్కడే. ప్లాన్ తీసుకునేటప్పుడు "అప్‌లోడ్ ఎంత?" అని తప్పకుండా అడగండి. కేబుల్ లైన్లలో అప్‌లోడ్ చాలా తక్కువగా ఉండొచ్చు. ఫైబర్‌లో అయితే చాలా ప్లాన్లకి రెండువైపులా దాదాపు సమానంగా ఉంటుంది.

*3. కొత్త రౌటర్ అసలు కావాలా?*

కంపెనీ పెట్టె ఇస్తే ముందు దాన్నే వాడి చూడండి. అద్దె వేరుగా ఉందా, ప్లాన్‌లో కలిసి ఉందా, బిల్లులో చూడండి. కలిసి ఉంటే కొత్తది కొనడానికి ముందు దాని చోటు మార్చండి.

ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు చెక్క ఫ్రేమ్, జిప్సమ్ బోర్డు. వైఫై వాటిలోంచి పోతుంది. పోనిది ఇనుములోంచి, కాంక్రీట్‌లోంచి, నీళ్లలోంచి. బేస్‌మెంట్‌లో ఏమున్నాయి? ఫర్నేస్, రేకు డక్టులు, వేడినీళ్ల ట్యాంకు, వాషింగ్ మెషిన్. రౌటర్‌ని ఫర్నేస్ గదిలో పెట్టి తలుపు వేస్తే సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, అద్దం వెనక, నేల మీద పెట్టకండి. ఇంటికి మధ్యలో, భుజం ఎత్తులో, ఏమీ కప్పకుండా పెట్టండి. ఓనర్ పైన ఉండి పెట్టె ఆయన దగ్గరుంటే, మెట్ల దగ్గరకు జరపమని మర్యాదగా అడగండి. ఆరడుగులు జరిపితేనే తేడా తెలుస్తుంది.

ఇంకొకటి. రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటాయి. 2.4 దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ నెమ్మది. మైక్రోవేవ్ వేస్తే ఇబ్బంది పడుతుంది. 5 వేగం, కానీ గోడ దాటితే నీరసపడుతుంది. దూరపు గదిలో ఉన్నవాళ్లు 2.4కి, రౌటర్ దగ్గరున్నవాళ్లు 5కి మారి చూడండి.

*4. కొనాల్సి వస్తే*

చోటు మార్చినా అందకపోతే, లేదా చిన్న కంపెనీ లైన్ తీసుకుని పెట్టె మీరే తెచ్చుకోవాల్సి వస్తే, ఇవి చూడండి.

• *వైఫై 6 చాలు.* 2019లో వచ్చింది. ఒకేసారి ఎక్కువ ఫోన్లున్న ఇంటికి అది బాగా పనిచేస్తుంది. 2024లో వైఫై 7 వచ్చింది. దాని లాభం రావాలంటే ఫోన్ కూడా కొత్తదై ఉండాలి. మన ఫోన్లు అంత కొత్తవేం కాదు కదా.

• *పెట్టె మీద అంకెకి మోసపోకండి.* "ఏఎక్స్1800" అంటే మీకు 1800 వస్తుందని కాదు. 2.4 దారిలో 574, 5 దారిలో 1201 కలిపి గుండ్రంగా రాసిన లెక్క అది. మీ లైన్ 100 అయితే ఎంత పెద్ద రౌటర్ పెట్టినా 100కి మించి రాదు.

• *డబ్ల్యూపీఏ3 భద్రత* ఉందో లేదో చూడండి. కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తున్న మోడలేనా చూడండి.

• *పాతది కొనొచ్చా?* రౌటర్ కొనొచ్చు. ఇంటికి తెచ్చాక సన్నని రంధ్రంలోని రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కి, అప్‌డేట్ చేసి వాడండి. మోడెమ్ మాత్రం పాతది కొనొద్దు. అది కంపెనీకి తిరిగివ్వాల్సిన అద్దె పెట్టె అయ్యుండొచ్చు. పైగా చాలా కంపెనీలు తమ జాబితాలో ఉన్న మోడెమ్‌నే ఒప్పుకుంటాయి.

• *ఇండియా నుంచి తేవొచ్చా?* జియో, ఎయిర్‌టెల్ ఇచ్చిన ఫైబర్ పెట్టె ఇక్కడ పనికిరాదు. ఇక్కడ అమ్మే వైర్‌లెస్ పరికరాలకు కెనడా ధృవీకరణ ఉండాలి. పైగా అక్కడ కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. సామాన్లలో ఆ బరువు బదులు పచ్చళ్లు తెచ్చుకోండి.

ఇల్లు పెద్దదై ఒక రౌటర్ సరిపోకపోతే, రెండు ముక్కల మెష్ సెట్ తీసుకోండి. ఒకటి పైన, ఒకటి బేస్‌మెంట్ మెట్ల దగ్గర. చవక ఎక్స్‌టెండర్ సిగ్నల్‌ని ముందుకు తోస్తుంది గానీ వేగం సగానికి పడిపోవచ్చు. మీ రౌటర్‌ని కంపెనీ పెట్టెకి కలిపితే, కంపెనీ పెట్టె వైఫై ఆపించండి. రెండూ మోగుతుంటే ఒకదానికొకటి అడ్డం.

*5. బిల్లు ఎవరి పేరు మీద?*

రౌటర్ కన్నా పెద్ద సంగతి ఇది. ఎనిమిది మంది వాడతారు, కాంట్రాక్టు ఒక్కరి పేరు మీద ఉంటుంది. ఇద్దరు ఇల్లు మారతారు, డబ్బు ఆగుతుంది. బిల్లు కట్టకపోతే బాకీ వసూలు ఏజెన్సీకి పోతుంది, క్రెడిట్ స్కోరు పడిపోతుంది. ఆ స్కోరు పేరున్న ఒక్కడిదే. రేపు కారు లోన్‌కి, ఇల్లు అద్దెకి పోతే అదే అడ్డం.

అందుకే పేరు ఇచ్చేవాళ్లకి నాలుగు మాటలు.

ఒకటి, నెల మొదట్లోనే అందరి దగ్గరా వాటా తీసుకోండి, గ్రూపులో రాసి పెట్టండి. ఇల్లు మారేవాళ్లు ఉంటారు కాబట్టి వీలైతే నెలనెలా ప్లానే తీసుకోండి.

రెండు, సిన్ నంబర్ ఇవ్వకండి. ఇంటర్నెట్ కనెక్షన్‌కి సిన్ ఇవ్వాలని చట్టం లేదు. వేరే గుర్తింపు కార్డు చూపిస్తానని చెప్పండి.

మూడు, ఖాళీ చేసేటప్పుడు కంపెనీ పెట్టె తిరిగిచ్చి రసీదు ఫోటో తీసుకోండి. ఇవ్వకపోతే దాని ఖరీదు బిల్లులో వేస్తారు.

నాలుగు, టోరెంట్లో కొత్త సినిమాలు దించొద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. 2015 నుంచి ఈ దేశంలో కాపీరైట్ నోటీసు వచ్చేది ఖాతా పేరున్నవాళ్లకే, దించినవాళ్లకి కాదు. నోటీసు వస్తే కంగారుపడి ఎవరికీ డబ్బు పంపకండి. నోటీసులో డబ్బు అడగకూడదని 2018లో చట్టం మార్చారు. కానీ కేసు దాకా పోతే వ్యాపారం కాని వాడకానికి కూడా 5,000 డాలర్ల దాకా పరిహారం వేయొచ్చు.

*6. కంపెనీ మాట తప్పితే*

2020 జనవరి 31 నుంచి పెద్ద కంపెనీలకి సీఆర్‌టీసీ ఇంటర్నెట్ కోడ్ వర్తిస్తుంది. మీరు ఒప్పుకున్నది ఒకటి, కాగితం మీద ఉన్నది ఒకటి అయితే, కాగితం అందిన 45 రోజుల్లో జరిమానా లేకుండా వదిలేయొచ్చు. బాకీ ఉందని లైన్ కోసేముందు 14 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆపేయమని చెప్పాక ఇంకో 30 రోజుల డబ్బు కట్టమనడం 2015 నుంచి కుదరదు.

ఒంటారియోలో ఇంటి గుమ్మం దగ్గర 50 డాలర్లు దాటిన కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకుంటే, కాగితం అందిన 10 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. గుమ్మం దగ్గర నవ్వుతూ టాబ్లెట్ చూపించేవాళ్లతో "కాగితం ఇవ్వండి, చదివి చెప్తాను" అనండి, చాలు.

ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి, తేదీ, మాట్లాడిన మనిషి పేరు రాసుకోండి. తేలకపోతే సీసీటీఎస్ అనే సంస్థ ఉంది, ఫిర్యాదు ఉచితం.

వైఫై అద్దెలో కలిపి ఉంటే ఆ మాట అద్దె కాగితంలో రాయించుకోండి. ఓనర్‌తో వంటగది గానీ బాత్రూమ్ గానీ పంచుకునేవాళ్లకి ఒంటారియో అద్దె చట్టం వర్తించదు. కాబట్టి వాళ్లు కనీసం మెసేజ్‌లోనైనా ఓనర్‌తో ఒప్పించుకోండి.

*7. రౌటర్ తాళం ఎవరి దగ్గర?*

పెట్టె మీద స్టిక్కర్‌లో ఉన్న పాస్‌వర్డ్ రెండూ మార్చండి: వైఫైది, రౌటర్ సెట్టింగులది. ఇల్లు వదిలిన మనిషి పాత పాస్‌వర్డ్‌తో వాడుతుంటే కూడా బిల్లు మీదే, నోటీసు మీదే. వచ్చేపోయేవాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

యజమాని ఇచ్చిన ఇంట్లో ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. రౌటర్ యజమానిదైతే, మీరు ఏ వెబ్‌సైట్లకి వెళ్తున్నారో ఆయనకి తెలిసే వీలుంది. వాట్సాప్‌లో మాట్లాడింది ఆయనకి కనిపించదు, అది తాళం వేసి పోతుంది. కానీ జీతం ఎగ్గొట్టడం, పాస్‌పోర్టు లాక్కోవడం లాంటి వాటి గురించి సహాయం వెతికేటప్పుడు ఆ వైఫై వాడకండి. మీ ఫోన్ డేటా వాడండి, లేదా పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. అక్కడ వైఫై ఉచితం. వేధింపులకు గురైన కార్మికులకి 2019 నుంచి ఓపెన్ వర్క్ పర్మిట్ అడిగే దారి ఉంది. ఆ వివరాలు మీరు నిశ్చింతగా చదవగలగాలి.

*8. ఒకే బుట్టలో అన్నీ పెట్టొద్దు*

2022 జూలై 8న రోజర్స్ నెట్‌వర్క్ దేశమంతా ఆగిపోయింది. కోటీ ఇరవై లక్షలకు పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. ఇంటరాక్ డెబిట్ ఆగింది, చాలామందికి 911 కూడా కలవలేదు. ఎంత ఖరీదైన రౌటర్ ఉన్నా ఆ రోజు ఉపయోగం లేదు. ఫైడో, చాటర్ వాడేవాళ్లకి కూడా అదే గతి పట్టింది, ఎందుకంటే అవి రోజర్స్‌వే. అలాగే వర్జిన్ ప్లస్, లక్కీ మొబైల్ బెల్‌వి, కూడో, పబ్లిక్ మొబైల్ టెలస్‌వి. ఇంటి ఇంటర్నెట్ ఒక కంపెనీది అయితే, ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లు వేరే కంపెనీవి ఉండేలా చూసుకోండి. 911 కొట్టాల్సిన రాత్రి ఆ రెండు ఫోన్లే ఆదుకుంటాయి. జేబులో కాస్త నగదు కూడా ఉంచుకోండి.

*ఈ వారం చేయాల్సింది*

ఈ రాత్రి పెట్టె దగ్గర ఒకసారి, మంచం దగ్గర ఒకసారి స్పీడ్ టెస్ట్ కొట్టండి. అప్‌లోడ్ అంకె కూడా రాసుకోండి. బిల్లు తీసి ప్లాన్, పెట్టె అద్దె, కాంట్రాక్టు ముగిసే తేదీ చూడండి. ఆ అంకెలు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు, పెట్టె ఎక్కడుంది అన్నవి గ్రూపులో పెట్టండి. బిల్లు ఫోటో పెట్టేముందు ఖాతా నంబరు, చిరునామా చెరిపేయండి. వచ్చే ఆదివారం ఒక్కో ఇంటిది చూసి, కొనాలా వద్దా కలిసి తేల్చుకుందాం. అప్పటిదాకా ఎవరూ కొనకండి.

గ్రూపులో లేని రూమ్మేట్లకి కూడా ఇది చదివి వినిపించండి. ఉంటాను, నమస్తే.